ఎవరి గడియారం ప్రకారం?



మాకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారిని పేరు పెట్టి పిలిచినవాళ్లు మా బ్యాచ్‌లో ఒక్కరూ లేరు. ఆయన పేరిట ఏర్పాటైన ఉపన్యాసం ఇస్తూ కూడా ఆ పేరు పలకడానికి నాకు నోరు రావడం లేదు. మాస్టారనే అంటాను, మన్నించండి.

బీఎస్సీ రెండో ఏడు స్లిప్ టెస్టులో అయిదు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చారు: కాల వ్యాకోచం అంటే ఏమిటి? నేను ఎంతో ధీమాగా, "వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది" అని మొదలుపెట్టి, సూత్రం రాసి, కింద రెండు గీతలు కొట్టి ఇచ్చాను. కాగితం తిరిగొచ్చేసరికి "కదిలే" కింద ఎర్రసిరా గీత ఉంది. పక్కన "ఎవరికి?" అని రాసి ఉంది. "నెమ్మదిగా" కింద ఇంకో గీత, దాని పక్కన "ఎవరి గడియారం ప్రకారం?" అన్న మరో ప్రశ్న. అయిదుకి రెండు మార్కులు. సూత్రం తప్పు కాదు, మార్కులు ఎందుకు తగ్గాయని వెళ్లి అడిగాను. "సూత్రానికే ఆ రెండు ఇచ్చాను. మిగతా మూడూ వాక్యానివి" అన్నారు.

ఆ మూడు మార్కుల సంగతే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

"ఎవరి ప్రకారం?" అన్న ప్రశ్న ఐన్‌స్టీన్ కన్నా ముందే పుట్టింది. మాక్స్‌వెల్ 1865లో విద్యుత్తుకీ అయస్కాంతత్వానికీ ముడివేసిన సమీకరణాలు వెలువరించాడు. వాటిలోంచి ఒక తరంగం బయటపడింది, దానికో వేగం ఉంది, ఆ వేగం కాంతి వేగంతో సరిపోయింది. అయితే ఆ వేగం ఎవరి లెక్కలో? గాలిలో పుట్టిన శబ్దం వేగం గాలితో పోల్చి చెబుతాం. పడవ వేగం నీటితోనో గట్టుతోనో పోల్చి చెబుతాం. మాక్స్‌వెల్ సమీకరణాల్లో గట్టూ లేదు, నీరూ లేదు, వేగం మాత్రం ఉంది. కాంతికీ నీరులాంటిది ఏదో ఉండే ఉంటుందని అప్పటివాళ్లు దానికి ఈథర్ అని పేరు పెట్టారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్ల చొప్పున తిరుగుతోంది కాబట్టి ఈథర్ గాలి మన ముఖానికి కొట్టాలి. మైకెల్సన్, మోర్లీ 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పెద్ద రాతి పలకను పాదరసం మీద తేల్చి, దాని మీద అద్దాలు అమర్చి, పలకను మెల్లగా తిప్పుతూ చూశారు. ఈథర్ ఉంటే, అద్దాల నుంచి తిరిగొచ్చి కలిసిన కాంతి ఏర్పరచే చారలు జరగాలి. జరగాల్సినంతలో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు.

1905లో బెర్న్ నగరంలోని పేటెంట్ కార్యాలయంలో పనిచేస్తున్న 26 ఏళ్ల ఐన్‌స్టీన్ ఈ చిక్కుని విప్పలేదు, పునాది చేసుకున్నాడు. ఒకరికొకరు సమవేగంతో కదిలేవాళ్లలో ఎవరు కొలిచినా శూన్యంలో కాంతి వేగం ఒకటేనని మొదలుపెట్టి, ఆ మాట నిజమైతే ఇంకేమేం మారాలో చూశాడు. ఆ వ్యాసాన్ని, ఆ తరువాతి సాపేక్షతా వ్యాసాలను ఇంగ్లీషులోకి తెచ్చి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా పుస్తకంగా వేసింది మనవాళ్లే: మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. అప్పటికి వాళ్లకీ ఇంచుమించు ఇరవై ఆరేళ్లే. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మాస్టారి గొంతు ఒకింత పెరిగేది.

ఆయన కాల వ్యాకోచం పాఠం ఎలా చెప్పేవారో ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. బోర్డు దగ్గరికి వెళ్లేముందు, "మీ ఇళ్లలో ఎవరైనా కొత్త ఇల్లు కట్టారా?" అని అడిగేవారు. ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తాడు? ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు కొలిచి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య దారం సరిగ్గా అయిదడుగులుంటే మూల కుదిరినట్టు. బోర్డు మీద ఆ త్రిభుజమే గీసేవారు. ఆ రోజంతా మాకు కావలసిన గణితం అంతే.

రైలు పెట్టెలో నేల మీద ఒక అద్దం, సరిగ్గా దాని పైన కప్పుకి ఒక అద్దం. నేల నుంచి బయలుదేరిన కాంతి కప్పుని తాకితే ఒక టిక్కు. పెట్టెలో కూర్చున్నవాడికి కాంతి నిటారుగా పైకి వెళ్లింది. ఆ ఎత్తు నాలుగు అనుకుందాం. రైలు కాంతి వేగంలో అయిదింట మూడు వంతుల వేగంతో పోతోంది. ప్లాట్‌ఫారం మీద నిల్చున్నవాడు ఏం చూస్తాడు? కాంతి పైకి వెళ్లేలోపు రైలు మూడు ముందుకి జరిగింది. కాబట్టి అతడికి కాంతి నిటారుగా వెళ్లలేదు, ఏటవాలుగా వెళ్లింది. ఆ దారి పొడవు అయిదు.

ఇక్కడ మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టేసేవారు. కాంతి బదులు బంతి అయితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. రైలు వేగం బంతికీ అబ్బుతుంది కాబట్టి, ప్లాట్‌ఫారం మీదవాడికి బంతి ఎక్కువ దారి నడిచినా ఎక్కువ వేగంతోనే నడిచి, అంతే సమయంలో పైకి చేరుతుంది. కాంతికి ఆ వెసులుబాటు లేదు. అది రైలు వేగాన్ని కలుపుకోదు. పెట్టెలోవాడికీ, ప్లాట్‌ఫారం మీదవాడికీ దాని వేగం ఒకటే. వేగం మారకుండా దారి నాలుగు నుంచి అయిదు అయిందంటే, పట్టిన సమయం కూడా అయిదే కావాలి. పెట్టెలోవాడి గడియారం నాలుగు సెకన్లు చూపిస్తే, ప్లాట్‌ఫారం గడియారాలు అయిదు చూపిస్తాయి.

కాల వ్యాకోచమంటే ఇంతే. మేస్త్రీ దారంతో తేలిపోయే లెక్క. ఇందులో గడియారానికి ఏ జబ్బూ చేయలేదు. పెట్టెలోవాడికి తన గడియారం మామూలుగానే ఉంది, నాడి మామూలుగానే కొట్టుకుంటోంది, ఫ్లాస్కులోని టీ మామూలుగానే చల్లారుతోంది. ఎక్కడో ఏదో మందగించిందని అనిపించే గుర్తు పెట్టెలో ఒక్కటి కూడా దొరకదు. "కాలం నెమ్మదిస్తుంది" అని పత్రికల్లో రాస్తున్నప్పుడు నాకు కష్టంగా ఉండేది ఇందుకే. ఎవరికీ తన కాలం నెమ్మదించదు.

వెంటనే వచ్చే ప్రశ్న: రైల్లోవాడి దృష్టిలో కదిలేది ప్లాట్‌ఫారమే కదా? అతడు కూడా ప్లాట్‌ఫారం గడియారమే వెనకబడుతోందని అంటాడు. ఇద్దరి మాటా ఎలా నిజం? చాలా పుస్తకాలు ఇక్కడ ఒక వాక్యంతో దాటేస్తాయి. మాస్టారు దాటలేదు. ఆ పీరియడంతా దీనికే ఇచ్చారు, నేనూ కొంత తీరిగ్గానే చెబుతాను.

అనకాపల్లిలో ఒక గడియారం, తునిలో ఒక గడియారం. లెక్క కోసం ఆ రెండు ఊళ్లనీ తొమ్మిది లక్షల కిలోమీటర్ల దూరం జరిపేశారు మాస్టారు, అంటే కాంతికి మూడు సెకన్ల ప్రయాణం. మన రైలు అనకాపల్లి దాటినప్పుడు అక్కడి గడియారం సున్నా, రైలు గడియారం కూడా సున్నా. తుని దాటినప్పుడు తుని గడియారం 5 సెకన్లు, రైలు గడియారం 4. స్టేషన్లవాళ్లు అంటారు: మీ గడియారం వెనకబడింది. రైల్లోవాడు అంటాడు: కాదు, మీ రెండు గడియారాలూ ఒకదానితో ఒకటి కలిసిలేవు. నేను అనకాపల్లి దాటిన క్షణానికే మీ తుని గడియారం 1.8 సెకన్లు ముందుంది. నాకు 4 సెకన్లు గడిచేలోపు అది నెమ్మదిగా నడిచి 3.2 మాత్రమే కదిలింది. 1.8కి 3.2 కలిపితే 5. మీరు చూసిన అంకె నేనూ చూశాను, అందులో తేడా లేదు.

దూరంగా ఉన్న రెండు చోట్ల "అదే క్షణంలో" అన్నమాటకి అందరికీ ఒకే అర్థం లేదు. అసలు మెలిక అక్కడుంది. ఐన్‌స్టీన్ 1905 వ్యాసంలో పీఠిక తరువాత మొదటి విభాగం మొదలయ్యేది కూడా గడియారాల మందగమనంతో కాదు, ఏకకాలికత అంటే ఏమిటన్న ప్రశ్నతో. ఆ వ్యాసంలో ఒకరి గ్రంథాన్నో వ్యాసాన్నో ఉదహరించిన జాబితా లేదు. చివర ఒక్క మిత్రుడికి, మిచెల్ బెస్సోకి, కృతజ్ఞత ఉంది. ఐన్‌స్టీన్‌తో చర్చల్లో బెస్సో కూడా "ఎవరి గడియారం ప్రకారం?" అని అడిగి ఉంటాడని ఊహించుకోవడం నాకిష్టం.

మనకెందుకు ఇది అనుభవంలోకి రాదు? గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పది గంటలు పోయే రైల్లో, భూమి తిరగడాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, వచ్చే తేడా సెకనులో వందకోట్లో వంతుకి సుమారు ఆరో వంతు. ఆ సమయంలో కాంతి సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు పోతుంది. మన బతుకులు సాగే వేగాల్లో ప్రకృతి ఈ సంగతిని మన కంట పడనివ్వలేదు.

కంటపడే చోటు ఆకాశంలో ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలి పై పొరల్లో పరమాణువుల్ని ఢీకొన్నప్పుడు, చాలావరకు పదిహేను కిలోమీటర్ల ఎత్తు చుట్టుపక్కల, మ్యూయాన్లు పుడతాయి. ఇవి ఎలక్ట్రాన్‌కి అన్నలాంటివి, రెండు వందల రెట్లకు పైగా బరువు. వీటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుల్లో 2.2 వంతులు, అంటే 2.2 మైక్రోసెకన్లు. దాదాపు కాంతి వేగంతో పరుగెత్తినా అంత ఆయుష్షులో దాటేది 660 మీటర్లే. పదిహేను కిలోమీటర్లెక్కడ, 660 మీటర్లెక్కడ! నేలకి చేరేవి ఉండనే కూడదు. కానీ ఈ సభ జరుగుతున్నంతసేపూ మన అరచేతులంత మేర గుండా సెకనుకి ఒకటి చొప్పున దూసుకుపోతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక పేరు చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 1930ల చివర్లో, మ్యూయాన్ ఏమిటో ఇంకా తేలని రోజుల్లో, దేవేంద్రమోహన్ బోస్‌తో కలిసి బిభా చౌధురి డార్జిలింగ్ ప్రాంతపు కొండల మీద ఫోటోగ్రాఫిక్ ప్లేట్లు ఉంచి, వాటిలో మిగిలిన కాస్మిక్ కిరణాల జాడల నుంచి ఆ కణాల బరువు అంచనా వేశారు. ఆ ఫలితాలు 'నేచర్' పత్రికలో అచ్చయ్యాయి. అదే పద్ధతిని మెరుగుపరిచి సాగిన పనికి 1950లో సెసిల్ పావెల్‌కి నోబెల్ వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో బిభా చౌధురికి ఒక్క పేరా అయినా దక్కాలి. దక్కకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

మ్యూయాన్ల లెక్కని నేను నమ్మింది సూత్రం వల్ల కాదు, ఒక ప్రయోగం వల్ల. 1960ల మొదట్లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, మనం ఎమ్.ఐ.టి. అంటాం, అక్కడి డేవిడ్ ఫ్రిష్, ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ స్మిత్ కలిసి ఆ ప్రయోగం చేశారు. కొత్త సంగతి కనిపెట్టడానికి కాదు, విద్యార్థులకి చూపించడానికే చేశారు. సినిమా కూడా తీశారు. పరిశోధకులు పాఠం కోసం కొండెక్కిన సందర్భాలు అరుదు, అందుకే ఆ ఇద్దరంటే నాకు అంత గౌరవం.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మౌంట్ వాషింగ్టన్ అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 1,910 మీటర్లు. దాని మీద ఇనుప దిమ్మెలు పేర్చి, కింద ఒక ప్లాస్టిక్ సింటిలేటర్ పెట్టారు. కణం తగిలితే మెరిసే పదార్థం అది. ఇనుములో ఆగిపోకుండా వచ్చి సింటిలేటర్‌లో ఆగిన మ్యూయాన్లనే లెక్కపెట్టారు. అలా ఏరుకున్నవాటి వేగం కాంతి వేగంలో 99.5 శాతం. మ్యూయాన్ ఆగినప్పుడు ఒక మెరుపు, ఆగాక అది నశించినప్పుడు ఇంకో మెరుపు. రెండింటి మధ్య వ్యవధి ఆసిలోస్కోప్ తెర మీద ఒక గీతగా పడుతుంది. గీత పొడుగ్గా ఉంటే ఆ మ్యూయాన్ ఎక్కువసేపు బతికినట్టు. ఎవరు చూసినా అర్థమయ్యేంత సూటిగా ఉంటుంది ఆ తెర.

కొండ మీద గంటకి సుమారు 560 మ్యూయాన్లు ఆగాయి. కొండ ఎత్తు దిగడానికి వాటికి మన గడియారం ప్రకారం 6 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. తెర మీది గీతల్లో అంత పొడుగువి ఎన్నో చూస్తే, 27. అంటే మన గడియారమే మ్యూయాన్‌కీ వర్తిస్తే సముద్రమట్టం దగ్గర గంటకి 27 కనిపించాలి. పరికరాలన్నీ కిందికి దించి, ఎమ్.ఐ.టి. ఉన్న కేంబ్రిడ్జిలో మళ్లీ లెక్కపెట్టారు. గాలి చేసే అడ్డుకి బదులుగా ఇనుము కొంత తగ్గించారు. గంటకి సుమారు 410 వచ్చాయి.

ఆ 410 అన్న అంకె దగ్గర కాసేపు ఆగండి. 560లో 410 మిగలాలంటే వాటికి గడిచిన కాలం ఎంతై ఉండాలి? గీతలు చూసి చెప్పచ్చు, 0.7 మైక్రోసెకన్. మనకి 6 పైచిలుకు, వాటికి 0.7. దాదాపు తొమ్మిదో వంతు. దిగేటప్పుడు గాలిలో కొంత మందగించే ఆ వేగానికి సూత్రం చెప్పే విలువతో కొలత సరిపోయింది. మ్యూయాన్ చేతికి గడియారం ఎవరూ కట్టలేదు, దాని ఆయుష్షే దాని గడియారం.

మరి మ్యూయాన్ పక్షాన నిలబడితే? దాని ఆయుష్షు దానికి 2.2 మైక్రోసెకన్లే, పెరగలేదు. దానికి మారింది కొండ. ఎదురుగా దూసుకొస్తున్న కొండ 1,910 మీటర్లు లేదు, రెండొందల పైచిలుకు మీటర్లే ఉంది. మనం కాలం సాగిందంటాం, అది దూరం కుంచించుకుపోయిందంటుంది. కేంబ్రిడ్జిలో 410 అన్న అంకె దగ్గర ఇద్దరం ఒప్పుకుంటాం.

ఈ మ్యూయాన్లే భూమిలోకి కూడా దిగుతాయి. మన సరిహద్దు పక్కనే కోలార్ బంగారు గనుల్లో, తెలుగూ తమిళమూ మాట్లాడే కార్మికులు తవ్విన సొరంగాల్లో, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఒక్కో లోతుకి దిగి వాటిని లెక్కపెట్టారు. 1960ల మొదట్లో మియాకే, నరసింహం, రమణమూర్తి చేసిన కొలతల్లో అన్నిటికన్నా లోతైన చోట, రెండున్నర కిలోమీటర్లకు పైగా కింద, మ్యూయాన్లు కనిపించడమే మానేశాయి. అంత నిశ్శబ్దం దొరికింది కాబట్టే 1965లో అక్కడ వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టగలిగారు.

గడియారాలనే విమానం ఎక్కించిన కథ మీకు తెలిసిందే. 1971 అక్టోబరులో హాఫెలే, కీటింగ్ నాలుగు సీసియం గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో సీట్లలో కూర్చోబెట్టి ఒకసారి తూర్పుగా, ఒకసారి పడమరగా భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినవి నేల మీది గడియారం కన్నా 59 నానోసెకన్లు వెనకబడ్డాయి. పడమరగా వెళ్లినవి 273 ముందుకెళ్లాయి. తూర్పుకెళ్లే విమానం భూభ్రమణానికి తోడవుతుంది, పడమరకెళ్లేది ఎదురీదుతుంది. పై ఎత్తులో గురుత్వం తగ్గడం వల్ల గడియారాలు ముందుకి జరగడం రెండింటికీ ఉంది. అంచనాలకీ కొలతలకీ పొంతన కుదిరింది. మీ జేబులోని ఫోనుకి దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల్లోనూ ఇదే లెక్క: వేగం వల్ల రోజుకి 7 మైక్రోసెకన్లు వెనక్కి, ఎత్తు వల్ల 45 ముందుకి, నికరంగా 38 ముందుకి. సరిదిద్దకపోతే ఒక్క రోజులో దూరాల లెక్క పది కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

కాంతి వేగాన్ని దాటలేమంటే పిల్లలకి అదేదో రోడ్డుకి అడ్డంగా కట్టిన గేటులా అనిపిస్తుంది. 1964లో ఎమ్.ఐ.టి.లోనే విలియం బెర్టోజ్జి ఎలక్ట్రాన్లకి శక్తి పెంచుతూ పోయి, 8.4 మీటర్ల దూరం పరుగెత్తించి సమయం చూశాడు. చివర్లో ఇచ్చిన శక్తికి న్యూటన్ లెక్క ప్రకారం అవి కాంతికి ఏడున్నర రెట్ల వేగంతో పోవాలి. పోలేదు, కాంతి వేగం దగ్గరే నిలిచాయి. మరి శక్తి ఏమైంది? అవి తగిలిన అల్యూమినియం బిళ్ల ఎంత వేడెక్కిందో కొలిస్తే, ఇచ్చిన శక్తి ఎక్కడికీ పోలేదని తేలింది. శక్తి పెరుగుతూనే పోతుంది, వేగం పెరగదు. గేటు ఎక్కడా లేదు, స్థలకాలాల అల్లికే అలా ఉంది. 1983 నుంచి కాంతి వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లని ఖాయం చేసి, మీటరునే దానితో నిర్వచించుకున్నాం. ఇప్పుడు ఎవరైనా కాంతి వేగం కొలుస్తున్నామని మొదలుపెడితే, చివరికి కొలిచేది తమ దగ్గరున్న మీటరు కర్రనే.

సభల్లో నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న మరొకటి. భాగవతం నవమ స్కంధంలో రైవత కకుద్మి కూతురు రేవతిని వెంటపెట్టుకుని తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ సంగీతం సాగుతుంటే ఆగుతాడు. తిరిగొచ్చేసరికి భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. ఇది సాపేక్షతే కదా అంటారు. ఆ కథంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు మా నాయనమ్మ చెబుతుంటే, తను ఎంచుకున్న వరులెవరూ మిగల్లేదని తెలిసిన ఆ తండ్రి ముఖం ఎలా ఉండి ఉంటుందా అని రాత్రంతా ఆలోచించాను. కానీ అందులో కాలం లోకాన్ని బట్టి మారింది, ప్రయాణాన్ని బట్టి కాదు. ఎంత వేగానికి ఎంత తేడా అన్న లెక్క లేదు, తప్పయితే తప్పని తేల్చే దారి లేదు. కథగా దానికి ఆ అవసరమూ లేదు. మ్యూయాన్‌తో దాన్ని జతచేస్తే కథకీ, కొండ మీద గంటలకొద్దీ గీతలు లెక్కపెట్టినవాళ్లకీ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. మాస్టారు రోజూ భాగవతం చదువుకునేవారు. ఈ రెండింటినీ ఆయన ఏనాడూ కలిపి మాట్లాడలేదు.

ఈ ఉపన్యాసం కోసం మాస్టారి భార్య, మా అమ్మగారు ఏర్పాటు చేసిన నిధి గురించి ఒక మనవి చేసి ముగిస్తాను. ఇప్పుడు మ్యూయాన్లని లెక్కపెట్టే చిన్న పరికరాలు, అరచేతిలో పట్టేవి, విద్యార్థులే విడిభాగాలు తెచ్చుకుని తయారు చేసుకునేవి ఉన్నాయి. వాటితో పాటు, ఆగిన మ్యూయాన్ నశించే వ్యవధి చూడగల ఒక పెద్ద సింటిలేటర్ కూడా మాస్టారు పాఠాలు చెప్పిన ఈ విభాగానికి సమకూరాలి. మన విశాఖ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అరకు లోయ 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి చేరతాం. ఫ్రిష్, స్మిత్ ఏరుకున్న వేగంతో పోయే మ్యూయాన్లు అరకు ఎత్తున వంద ఉంటే, మన గడియారం ప్రకారమైతే ఇక్కడికి పాతిక మిగలాలి. వాటి గడియారం ప్రకారమైతే 86. పని తేలికేమీ కాదు. మ్యూయాన్ల మధ్య ఎలక్ట్రాన్లు కలిసి వస్తాయి, ఇనుప దిమ్మెలు మోయాలి, గాలి చేసే పనికి సరిపడా ఇనుము ఇక్కడికీ అక్కడికీ మార్చాలి, రాత్రిళ్లు మేలుకోవాలి. పాతికకీ ఎనభై ఆరుకీ మధ్య తేడా మాత్రం అంత కష్టానికీ తట్టుకుని నిలబడేంత పెద్దది.

మొదటి గంట లెక్క రాసుకునే విద్యార్థి నోటుబుక్కులో పైన తేదీ రాసి, కింద ఎన్ని గంటలకి మొదలుపెట్టిందీ రాస్తారు. ఆ పక్కనే, ఎవరి గడియారం ప్రకారమో కూడా రాయమని నా మనవి.